గడ్డను వెంటనే ఎందుకు తీయలేదు? - మూత్రాశయంలో వచ్చే స్మాల్ సెల్ క్యాన్సర్ గురించి

(రోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

వార్డులో మీ మనిషిని వదిలి గంటసేపు ఇక్కడ కూర్చోవడం మీకు తేలిక కాదని నాకు తెలుసు. సెలైను అయిపోతే ఎవరు చూస్తారోనని మనసంతా అక్కడే ఉంటుంది. సిస్టర్లకు చెప్పే వచ్చాను. నిశ్చింతగా కూర్చోండి.

ఈరోజు నేను చెప్పబోయే జబ్బు చాలా అరుదైనది. మూత్రాశయానికి వచ్చే క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. అంత అరుదైన దాని కోసం ఇంతమందిని కూర్చోబెట్టడం ఎందుకని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. పోయిన వారం వార్డు బయట ఒక అబ్బాయి నన్ను ఆపి గట్టిగా అడిగాడు. "డాక్టరు గారూ, మా నాన్నకు లోపల గడ్డ ఉందని మీరే చెప్పారు. ఉన్నదాన్ని కోసి తీసెయ్యకుండా ఇంజెక్షన్లు ఎక్కిస్తూ మూడు నెలలు ఆగమంటారేమిటి? మేము డబ్బు కట్టలేమనుకున్నారా?" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. తండ్రి మీద ప్రేమ ఉన్న కొడుకు అలాగే అడుగుతాడు. కాలిలో ముల్లు గుచ్చుకుంటే తీసెయ్యాలి, కుళ్ళిన పన్ను పీకెయ్యాలి, మనకు తెలిసిన వైద్యం అదే. కాని ఈ ఒక్క జబ్బులో ఆ లెక్క తిరగబడుతుంది. ఆ అబ్బాయికి వరండాలో నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు నింపాదిగా చెప్పాలని వచ్చాను.

ముందు మూత్రాశయం సంగతి. మన రెండు మూత్రపిండాలు వడకట్టిన మూత్రం రెండు సన్నని గొట్టాల గుండా కిందికి దిగి, పొత్తికడుపులో ఉన్న ఒక సంచిలో చేరుతుంది. ఆ సంచే మూత్రాశయం. దాని లోపలి వైపు సాగే గుణం ఉన్న ఒక పొర ఉంటుంది. మూత్రాశయ క్యాన్సర్ అంటే సాధారణంగా ఆ పొరలో పుట్టే క్యాన్సరే. అది చాలామందిలో కొంతకాలం పైపొరలోనే ఉంటుంది, లోపలి నుంచే గీకి తీసి, మూత్రాశయంలోకి బి.సి.జి. మందు ఎక్కించి అదుపులో ఉంచుతాం. మీ ఊళ్ళో ఎవరికైనా అలా నయమై ఉండవచ్చు. "మా బావగారికి బి.సి.జి. ఇచ్చారు, మా ఆయనకు ఎందుకు ఇవ్వరు?" అని అడిగేవారు ఉన్నారు. ఇద్దరికీ మూత్రాశయంలోనే వచ్చినా జబ్బు ఒకటి కాదు. స్మాల్ సెల్ రకానికి బి.సి.జి. పనిచేయదు.

స్మాల్ సెల్ అంటే చిన్న కణం. మైక్రోస్కోపు కింద చూస్తే ఈ కణాలు చిన్నవిగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ, నల్లటి కేంద్రకమే కణమంతా నిండినట్టు కనిపిస్తాయి. నాడీకణాల లక్షణాలు కొన్ని, హార్మోన్లు విడుదల చేసే గ్రంథి కణాల లక్షణాలు కొన్ని వీటిలో ఉంటాయి కనుక న్యూరోఎండోక్రైన్ అనే పేరు కూడా చేర్చి రిపోర్టులో రాస్తారు. ఇది ఎక్కువగా ఊపిరితిత్తులలో వచ్చే క్యాన్సర్. మూత్రాశయంలో కూడా వస్తుందని వైద్యులు మొదటిసారి పత్రికలో వివరంగా రాసింది 1981లో. మూత్రాశయంలో కాక పై గొట్టాలలోనో మూత్రపిండం మొదట్లోనో రావడం ఇంకా అరుదు. దాదాపు సగం మందిలో ఇది విడిగా రాదు, మామూలు మూత్రాశయ క్యాన్సర్‌తో కలిసి ఒకే గడ్డలో ఉంటుంది. ఆ గడ్డలో స్మాల్ సెల్ భాగం కొద్దిగానే ఉన్నా మేము దానినే లెక్కలోకి తీసుకుని వైద్యం చేస్తాం. రెండు ఎద్దుల్లో ఒకటి పొగరుదైతే బండివాడి కళ్ళు దాని మీదే ఉంటాయి కదా.

న్యూరోఎండోక్రైన్ అన్న మాట వినగానే మీలో కొందరికి నటుడు ఇర్ఫాన్ ఖాన్ గుర్తుకు రావచ్చు. 2006లో వచ్చిన మన తెలుగు 'సైనికుడు'లో కూడా ఆయన నటించారు. తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ వచ్చిందని 2018 మార్చిలో ఆయనే ప్రకటించారు, 2020 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పి భయపడేవాళ్ళను చూశాను. సెల్‌ఫోనులో ఆ మాట వెతికి, "ఇది నెమ్మదిగా పెరిగేదట, ఏళ్ళు పడుతుందట" అని ధైర్యం తెచ్చుకున్నవాళ్ళనూ చూశాను. ఇద్దరికీ ఒకటే చెబుతాను. ఆ పేరు ఒక పెద్ద ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో నిదానంగా నడిచేవారూ ఉన్నారు, పరుగెత్తేవారూ ఉన్నారు. పేగులలో, క్లోమంలో వచ్చే కొన్ని ట్యూమర్లు ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. మూత్రాశయంలోని స్మాల్ సెల్ కార్సినోమా అలాంటిది కాదు. ఇది వారాలలో పెరుగుతుంది. ఫోనులో చదివేటప్పుడు మీరు మీ మనిషి జబ్బు గురించే చదువుతున్నారా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

ఇది ఎవరికి వస్తుంది? స్త్రీల కంటే పురుషులలో చాలా ఎక్కువ. అరవై, డెబ్భై ఏళ్ళ వయసులో ఎక్కువ. వీరిలో ఎక్కువమంది పొగ తాగినవారే. సిగరెట్టే కానక్కరలేదు, బీడీ అయినా చుట్ట అయినా అంతే. పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది గాని మూత్రాశయానికి ఏమిటి సంబంధం అని అడుగుతారు. పొగలోని విషపదార్థాలు రక్తంలో కలుస్తాయి, మూత్రపిండాలు వాటిని వడకట్టి కిందికి పంపుతాయి, తిరిగి మనం మూత్రానికి వెళ్ళేదాకా అవి ఆ సంచిలో గంటల తరబడి నిలవ ఉంటాయి. ఏళ్ళకు ఏళ్ళు అలా జరిగితే లోపలి పొర దెబ్బతింటుంది. అయితే ఎన్నడూ పొగ ముట్టనివారికి కూడా ఇది రావచ్చు. కనుక మంచం మీద ఉన్న మనిషిని "నీ బీడీల వల్లే వచ్చింది" అని సాధించకండి. ఇప్పుడు ఆయనకు కావలసింది అది కాదు. మానిపించడం మాత్రం ఈరోజే మానిపించండి. పొగ తాగుతూ ఉంటే ఆపరేషన్ తరువాత గాయం మానడానికీ, మత్తు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తులకూ ఇబ్బంది.

ఇక లక్షణం. మూత్రంలో రక్తం. దాదాపు అన్ని ఇళ్ళలోనూ కథ అక్కడే మొదలవుతుంది, అక్కడే ఆలస్యమవుతుంది. ఈ రక్తానికి నొప్పి ఉండదు. ఒకరోజు ఎర్రగా వస్తుంది, మరునాటికి తెల్లబడుతుంది. మనవాళ్ళు "వేడి చేసింది" అంటారు. బార్లీ నీళ్ళు, కొబ్బరి బోండాం, సబ్జా గింజలు తాగుతారు. రక్తం ఆగుతుంది. అది బార్లీ వల్ల ఆగలేదు, దానంతటదే ఆగింది. గడ్డ నుంచి రక్తం ఎప్పుడూ కారుతూనే ఉండదు, వచ్చి ఆగి, మళ్ళీ నెలకో రెండు నెలలకో వస్తుంది. ఆగిన ఆ రోజులే మనల్ని మోసం చేస్తాయి.

ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ఊరు, పేరు వద్దు. పొలం గట్టు మీద మూత్రానికి వెళ్ళే మనిషి, మూత్రం రంగు ఏనాడు చూసుకుంటాడు? ఒకనాడు పంచె మీద మరక చూసి ఇంటావిడ అడిగింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులు మాత్రలిచ్చాడు. తగ్గింది. రెండు నెలలకు మళ్ళీ వస్తే మళ్ళీ అవే మాత్రలు. మూడోసారి రక్తం గడ్డలు కట్టి మూత్రం పూర్తిగా ఆగిపోయి, పొట్ట ఉబ్బి, అర్ధరాత్రి ఆటోలో మా దగ్గరకు వచ్చారు. అప్పటికి ఐదు నెలలు. ఆ మాత్రలు ఇచ్చినతన్ని నేను తిట్టను. రక్తం కనిపించిన ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు, ఎక్కువమందికి రాయో, ఇన్ఫెక్షనో, ప్రోస్టేటు వాపో ఉంటుంది. కాని ఒక్కసారైనా స్కానింగ్ చేయించి, లోపల గొట్టం వేసి చూడకుండా అది ఏదో ఎవరూ చెప్పలేరు. ఆడవాళ్ళ విషయంలో ఇంకా ఎక్కువ జాప్యం జరుగుతుంది. ముట్లు ఆగిన వయసులో కనిపించిన రక్తం గర్భసంచి నుంచో, మూత్రం నుంచో వారికే తెలియదు, చెప్పుకోవడానికి సిగ్గు. మీ అమ్మగారినో అత్తగారినో మీరే అడగాలి. అనుమానం ఉంటే ఒక గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి, అదే సీసా మూత పెట్టి ఆస్పత్రికి తెచ్చినా మేము ఏమీ అనుకోము.

తరువాత జరిగేది మీకు తెలుసు. మూత్రనాళం గుండా సన్నని గొట్టం పంపి, గడ్డను లోపలి నుంచే గీకి ముక్కలు తీసి పరీక్షకు పంపుతాం. ఇక్కడ ఒక అపార్థం వస్తుంది. థియేటర్‌లోకి తీసుకెళ్ళారు, మత్తు ఇచ్చారు, ముక్కలు తీశారు కనుక "ఆపరేషన్ అయిపోయింది, గడ్డ పోయింది" అనుకుని కొందరు డిశ్చార్జి అయి వెళ్ళి, రిపోర్టు కోసం తిరిగి రారు. అది వైద్యం పూర్తయినట్టు కాదు. జబ్బు ఏమిటో తెలుసుకోవడానికి వేసిన మొదటి అడుగు మాత్రమే. మామూలు రిపోర్టు వచ్చాక ప్రత్యేకమైన రంగుల పరీక్షలు మరికొన్ని చేయవలసి వస్తుంది. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సి.డి.56 అనే పేర్లు మీ రిపోర్టులో ఉండేది అందుకే. కె.ఐ.67 అని ఒక అంకె కూడా ఉంటుంది. ఎన్ని కణాలు విభజన చెందే పనిలో ఉన్నాయో అది చెబుతుంది. ఈ జబ్బులో అది చాలాసార్లు నూటికి 70, 80 కూడా దాటుతుంది. అంటే కణాలు నిద్రపోవడం లేదన్నమాట. ఈ పరీక్షలకు కొన్ని రోజులు అదనంగా పడతాయి. ఆ రోజులను మేము వృథా చేస్తున్నామని అనుకోకండి. ఆ పేరు సరిగ్గా తేలకపోతే వైద్యం మొత్తం తప్పుదారిలో పోతుంది. వేరే ఊళ్ళో ఇంకొక డాక్టరు గారి అభిప్రాయం కావాలంటే నిరభ్యంతరంగా తీసుకోండి. ముక్కలను మైనంలో పోసి ఉంచిన బ్లాకులు ల్యాబులో ఉంటాయి, అడిగి తీసుకెళ్ళండి. మళ్ళీ ముక్క తీయనక్కరలేదు.

పేరు తేలాక ఛాతీకీ, పొట్టకూ సి.టి. స్కాన్, చాలామందికి తలకు కూడా స్కాన్, అవసరమైతే ఒళ్ళంతా చూసే పెట్ స్కాన్ చేయిస్తాం. "జబ్బు కింద ఉంటే తలకు స్కాన్ ఏమిటి, బిల్లు పెంచడానికా?" అంటారు. ఇక్కడే ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఉంది. శ్రద్ధగా వినండి.

స్మాల్ సెల్ జబ్బులో మనకు కనిపించే గడ్డ జబ్బులో ఒక భాగమే. స్కాన్‌లో మరెక్కడా ఏమీ లేదని వచ్చినా, కంటికీ స్కాన్‌కూ అందనంత చిన్న కణాలు అప్పటికే రక్తంలో బయలుదేరి కాలేయంలోనో, ఎముకల్లోనో, ఊపిరితిత్తుల్లోనో, ఒక్కోసారి మెదడులోనో చేరి ఉండవచ్చు. చేలో కలుపు మొక్క ఒకటి ఎత్తుగా కనబడుతోంది, దాని గింజలు అప్పటికే చేనంతా రాలాయి. ఎత్తయిన మొక్కను పీకితే చేను శుభ్రంగా కనిపిస్తుంది, రెండు వానలకు సంగతి బయటపడుతుంది. ముందే ఆపరేషన్ చేస్తే ఏమవుతుంది? మూత్రాశయం మొత్తం తీసే ఆపరేషన్ చాలా పెద్దది. మనిషి కోలుకోవడానికి నెల, నెలన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ కాలమంతా రాలిన గింజలకు మందు పడదు. వారాలలో పెరిగే జబ్బుకు ఆ నెలన్నర చాలు. కొందరు ఆపరేషన్ తరువాత నీరసించి, మూత్రపిండాలు దెబ్బతిని, తరువాత కీమోథెరపీ తీసుకునే స్థితిలోనే ఉండరు. అందుకే ముందు ఒళ్ళంతా తిరిగే మందు, తరువాత గడ్డ ఉన్న చోట ఆపరేషన్ గాని రేడియేషన్ గాని.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటరు వైద్యులు తమ దగ్గర ఈ జబ్బుకు మూత్రాశయం తీసిన రోగుల వివరాలను 2004లో ప్రచురించారు. నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళినవారిలో ఐదేళ్ళ తరువాత ఈ జబ్బుతో చనిపోకుండా ఉన్నవారు నూటికి 36 మంది. ముందు కీమోథెరపీ తీసుకుని తరువాత ఆపరేషన్ చేయించుకున్నవారిలో నూటికి 78 మంది. 2013లో మరింత మంది వివరాలతో మళ్ళీ ప్రచురించినప్పుడు కూడా తేడా అదే వైపు, ఇంకా ఎక్కువగా కనిపించింది. అయితే ఈ అంకెలను మీరు చేతిలో రాసుకుని వెళ్ళే ముందు ఒక మాట. ఇవి జబ్బు ఇంకా మూత్రాశయం దగ్గరే ఉండి, ఆపరేషన్‌కు వీలున్న వారి అంకెలు. కాలేయానికో ఎముకలకో పాకినవారివి కావు. పైగా ఇవి పాత రికార్డులు తిరగేసి చూసిన లెక్కలు, కొద్దిమందివి. ఇంత అరుదైన జబ్బులో వేలమందితో పరీక్ష జరపడం సాధ్యం కాదు. అయినా ఆ తేడా చిన్నది కాదు గనుక మేము దానినే అనుసరిస్తున్నాం.

మందులు సాధారణంగా రెండు. సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్. సిస్‌ప్లాటిన్ ప్లాటినం లోహంతో చేసినది, అమెరికాలో 1978లో అనుమతి పొందింది. ఎటోపొసైడ్ మూలం ఒక మొక్క. హిమాలయాల్లో కూడా దొరికే ఒక జాతి మొక్క వేళ్ళ నుంచి వచ్చే పదార్థాన్ని మార్చి తయారు చేసిన మందు అది. రెండూ పాతవే, మన దేశంలో తయారవుతాయి, కొత్త మందులతో పోలిస్తే ఖరీదు తక్కువ. పాత మందు కదా అని చిన్నచూపు వద్దు. ఈ కణాలు వేగంగా పెరుగుతాయన్నానే, వేగంగా విభజన చెందేవాటినే ఈ మందులు బాగా దెబ్బ కొడతాయి. మొదటి రెండు విడతలకే రక్తం ఆగి, గడ్డ సగానికి తగ్గినవారిని చూశాను. మూడు రోజులు మందు, మొత్తం 21 రోజులకొక విడత, సాధారణంగా నాలుగు విడతలు. అదే ఆ అబ్బాయి అడిగిన మూడు నెలలు. ఆ మూడు నెలలు మేము ఆగడం లేదు, పని చేస్తున్నాం.

మొక్క నుంచి వచ్చిన మందు అన్నాను కదా, వెంటనే ఎవరో ఒకరు "అయితే పసరు మందు వాడవచ్చా?" అని అడుగుతారు. వద్దు. కారణం మూత్రపిండాలు. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందు. క్రియాటినిన్ బాగుంటేనే ఇస్తాం, ఇచ్చేటప్పుడు ముందూ వెనకా సెలైను ఎక్కిస్తాం. మీరు ఇంట్లో ఏ భస్మమో, పసరో, ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ మాత్రో వేస్తే మూత్రపిండం దెబ్బతింటుంది, తరువాతి విడత ఆగిపోతుంది. నిరుడు ఒకరికి రెండు విడతలు చక్కగా జరిగాయి, మూడోదానికి వచ్చేసరికి క్రియాటినిన్ రెట్టింపయింది. అడగ్గా అడగ్గా మోకాళ్ళ నొప్పికి పది రోజులు మాత్రలు వాడారని తేలింది. నొప్పి ఉంటే మమ్మల్ని అడగండి, తగిన మాత్ర ఉంది. కొందరికి గడ్డే గొట్టానికి అడ్డుపడి మూత్రపిండం ఉబ్బుతుంది. అప్పుడు ముందు స్టెంటు గాని, వీపు వైపు నుంచి చిన్న గొట్టం గాని వేసి మూత్రానికి దారి చేసి, తరువాత కీమో మొదలుపెడతాం. మూత్రపిండం ఏమాత్రం ఒప్పుకోనివారికి సిస్‌ప్లాటిన్‌కు బదులు కార్బోప్లాటిన్ ఇస్తాం. చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం, వేళ్ళ తిమ్మిర్లు ఉంటే దాచకుండా చెప్పాలి.

ఇంటికి వెళ్ళాక మీరు చూడవలసినవి చాలా లేవు. ఒక థర్మామీటరు కొనండి. మందు ఎక్కించిన వారం తరువాత, రెండో వారంలో తెల్ల కణాలు తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే తెల్లవారేదాకా ఆగకండి, క్రోసిన్ వేసి పడుకోబెట్టకండి, అర్ధరాత్రి అయినా తీసుకురండి. పగలు బస్సుకు వద్దామని ఆగి ఆరేడు గంటలు ఆలస్యంగా వచ్చినవారిలో కొందరిని మేము క్యాన్సర్ వల్ల కాదు, ఆ జ్వరం వల్ల పోగొట్టుకున్నాం. దూరపు ఊరివారు బండి మాట్లాడే మనిషి నంబరు ముందే రాసి పెట్టుకోండి. మందు ఎక్కించిన తరువాత రెండు రోజులు రోగి మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, మరుగుదొడ్డిలో నీళ్ళు బాగా పోయండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమెకు చెప్పకండి. ఇంతకు మించి అంటు ఏమీ లేదు. అదే కంచం, అదే మంచం, మనవలను ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. పత్యం పేరుతో గుడ్డు, పప్పు, పెరుగు మానిపించకండి. గుండె జబ్బు లేకపోతే నీళ్ళు బాగా తాగించండి.

నాలుగు విడతల తరువాత మళ్ళీ స్కాన్ చేసి చూస్తాం. ఒళ్ళు తట్టుకోగలవారికి మూత్రాశయం తీసే ఆపరేషన్ ఒక దారి. ఆరేడు వారాలు రేడియేషన్ ఇచ్చి మూత్రాశయాన్ని ఉంచడం ఇంకొక దారి. మనిషి వయసు, గుండె, గడ్డ ఎంత కరిగింది అన్నవి చూసి నిర్ణయిస్తాం. మూత్రాశయం తీసినవారికి చిన్న పేగు ముక్కతో దారి చేసి పొట్ట మీద ఒక సంచి అమరుస్తాం. ఆ సంచి మాట ఎత్తగానే "చచ్చినా వద్దు" అనే పెద్దవాళ్ళున్నారు. వారిని ఒప్పించడం నా వల్ల కాదు. సంచి పెట్టుకుని రోజూ సైకిలు మీద పాలకేంద్రానికి వెళ్ళివచ్చే ఒకాయన ఉన్నారు. ఆయన చెకప్‌కు వచ్చిన రోజున పరిచయం చేస్తాను. చొక్కా ఎత్తి చూపించేదాకా సంచి ఉందని మీకు తెలియదు.

ఇక నా మనసులో ఉన్న ఒక సంగతి. ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చాలా ఏళ్ళ కిందట ఇదే జబ్బున్న ఒకాయన కొడుకులు వచ్చి, "నాన్నకు చెప్పకండి, తట్టుకోలేరు. ఇన్ఫెక్షన్ అని చెప్పండి" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆయన అడిగిన రెండుసార్లూ "పుండు ఉంది, మానుతుంది" అన్నాను. జబ్బు అప్పటికే కాలేయానికి పాకింది. పక్క మంచం మీది మనిషి ద్వారా ఆయనకు తెలిసింది. నన్ను పిలిచి, కోపం లేకుండానే, "డాక్టరు గారూ, ముందే చెప్పి ఉంటే ఓపిక ఉన్నప్పుడే మా చిన్నమ్మాయి పెళ్ళి చేసేవాణ్ణి గదా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈ జబ్బు ఇచ్చే వ్యవధి ఒక్కోసారి చాలా తక్కువ. ఆ వ్యవధి రోగిది. దాన్ని నేనూ ఆ కొడుకులూ కలిసి ఆయన నుంచి తీసుకున్నాం. అప్పటి నుంచి నేను అబద్ధం చెప్పడం మానేశాను. మొదటిరోజే అంకెలన్నీ ఏకరువు పెట్టమని కాదు. "మీ జబ్బు గురించి మీకెంత తెలుసుకోవాలని ఉంది?" అని అడుగుతాను. కొందరు "మా పెద్దాడితో మాట్లాడండి" అంటారు, అదీ వారి ఇష్టమే. కాని అడిగిన మనిషికి నిజం చెప్పాలి. మీరు నా వెనక నిలబడి కళ్ళతో సైగలు చేసినా ఇక నేను వినను, ముందే చెబుతున్నాను.

జబ్బు పాకిన తరువాత వచ్చినవారికి కూడా కీమోథెరపీ ఇస్తాం. చాలామందిలో గడ్డలు తగ్గుతాయి, నొప్పి తగ్గుతుంది, కొన్ని నెలలు మంచిగా గడుస్తాయి. కాని ఈ జబ్బు తిరిగి వచ్చే గుణం ఉన్నది. ఆ దశలో పూర్తిగా నయమవుతుందని నేను మాట ఇవ్వలేను. పొలం అమ్మి ఏదైనా కొత్త మందు తెప్పించమంటారా అని అడుగుతారు. ఊపిరితిత్తుల స్మాల్ సెల్ జబ్బుకు టార్లటామాబ్ అనే కొత్త మందుకు అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. దాని ధర మన ఇళ్ళకు అందేది కాదు, మూత్రాశయపు జబ్బుకు అది ఇంకా స్థిరపడిన వైద్యం కాదు. దానికోసం పొలం అమ్మమని నేను చెప్పను. నొప్పి లేకుండా చూసే వైద్యం మాత్రం చివరిదాకా ఉంది. నోటి ద్వారా వేసే మార్ఫిన్ మాత్రలు చవకైనవి, వాటికి భయపడనక్కరలేదు.

ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ కిందకు క్యాన్సర్ వైద్యం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకాన్ని 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కార్డు, ఆధార్ మొదటిరోజే తెచ్చుకోండి. మా దగ్గర లేని వసతి కావలసి వస్తే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి గాని, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి గాని ఉన్నాయి. రైలులో వెళ్ళేవారికి ఒక రాయితీ ఉంది, చాలామందికి తెలియదు. వైద్యం కోసం వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్ క్లాసులో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవారు నాలుగో వంతు కడితే చాలు. దానికి రైల్వేవారి ఫారం మీద డాక్టరు సంతకం, ముద్ర కావాలి. అడగండి, చేసి ఇస్తాం.

వైద్యం ముగిశాక మొదటి రెండేళ్ళు జాగ్రత్త. మూడు నెలలకొకసారి చెకప్‌కు రావాలి, బాగున్నా రావాలి. మధ్యలో కొత్తగా తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం కనిపిస్తే చెకప్ తేదీ కోసం చూడకండి.

కూర్చునే ముందు ఇద్దరు చీటీలు పంపారు. ఒకరు "మా పిల్లలకు వస్తుందా?" అని అడిగారు. ఇది సాధారణంగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే జబ్బు కాదు. కాని ఈ వార్డులో తండ్రికి సెలైను ఎక్కుతుంటే గేటు బయట సిగరెట్టు కాలుస్తున్న కొడుకులు ముగ్గురిని ఈ ఉదయమే చూశాను, వారికి ఈ జవాబు వర్తించదు. రెండో చీటీలో జుట్టు మళ్ళీ వస్తుందా అని ఉంది. వస్తుందమ్మా, మందు ఆపిన రెండు మూడు నెలలకు. మొదట్లో కాస్త ఉంగరాలు తిరిగి కూడా రావచ్చు.

రిపోర్టులో ఏముందో అర్థం కానివారు కాగితాలు, స్కాన్ ఫిల్ములు తీసుకుని మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఓ.పి. వెనక గదికి రండి. పోయిన వారం అడిగిన అబ్బాయి ఇక్కడ ఉంటే ముందు అతన్నే పంపండి.